అభిమానుల యానిమే వీడియోల పోటీ: నియమాలు ఎలా రాయాలి, తీర్పు ఎలా ఇవ్వాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. యానిమే (జపాన్ యానిమేషన్) దృశ్యాలను పాటతో కలిపి అభిమానులు తయారుచేసే వీడియోలకు, అంటే ఏఎంవీలకు, మీరు పోటీ నడుపుతున్నారు. నలభై దాకా ఎంట్రీలు వస్తాయని అంచనా. ముగ్గురు న్యాయనిర్ణేతలు పదికి మార్కులు వేస్తారు. కిందటిసారి ఫలితాలు ప్రకటించాక, న్యాయనిర్ణేతల స్నేహితుడికే బహుమతి వెళ్లిందన్న మాట వచ్చింది. ఈసారి అలాంటి మాట రాకుండా నియమాలు ఎలా రాయాలో, మార్కులు ఎలా లెక్కించాలో చెప్పమన్నారు.

నేను చాలా ఏళ్లుగా ఈ వీడియోలు ఎడిట్ చేస్తున్నాను, పోటీల్లో గెలిచాను, ఓడాను, న్యాయనిర్ణేతగానూ నిర్వాహకుడిగానూ పనిచేశాను. నా నమ్మకం ఒక్కటే. పోటీలోని న్యాయాన్ని న్యాయనిర్ణేతల మంచితనానికి వదిలేయకూడదు. ఓడిన ఎడిటర్ మీ నియమావళిని, మీ మార్కుల పట్టికను పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు తన వీడియో ఎక్కడ, ఎందుకు వెనుకబడిందో లెక్క కనబడాలి. ఆ తీర్పు ఆ ఎడిటర్‌కు నచ్చకపోవచ్చు గాని, అది ఎలా వచ్చిందో మాత్రం తెలియాలి. మిగతా సలహాలన్నీ ఈ మాట నుంచి పుట్టినవే.

ముందుగా మార్కుల లెక్క గురించి చెబుతాను, ఎందుకంటే అన్యాయం ఎవరి దురుద్దేశమూ లేకుండా జరిగిపోయేది ఎక్కువగా ఇక్కడే. ముగ్గురు న్యాయనిర్ణేతలు, మూడు వీడియోలు అనుకుందాం. మొదటి ఇద్దరు జాగ్రత్తపరులు. మొదటి వీడియోకు 8, రెండోదానికి 7, మూడోదానికి 6 వేశారు. మూడో న్యాయనిర్ణేతకు పదికి పది వేయడమూ అలవాటే, మూడు వేయడమూ అలవాటే. ఆయన వరుసగా 3, 10, 8 వేశారు. మొత్తాలు కూడితే 19, 24, 20 వస్తాయి. ముగ్గురిలో ఇద్దరు అన్నిటికన్నా మంచిదని చెప్పిన వీడియో చివరి స్థానంలోకి వెళ్లిపోయింది. రెండో వీడియో గెలవడానికి అర్హమైనది కాదని నేను అనడం లేదు. ముగ్గురి అభిప్రాయానికీ సమాన బరువు ఉంటుందని మీరు ప్రకటించారు, కానీ విశాలంగా మార్కులు వేసే ఒక్కరి అలవాటే ఫలితాన్ని నిర్ణయించింది. తప్పు అక్కడ ఉంది.

దీనికి సరళమైన మందు, మార్కులను కూడకుండా ర్యాంకులను కూడడం. ప్రతి న్యాయనిర్ణేత మార్కుల నుంచి ఆ న్యాయనిర్ణేత వరుసను తయారుచేసి, ఆ స్థానాలను కలపాలి. పై ఉదాహరణలో మొదటి వీడియోకు 1, 1, 3 కలిపి 5. రెండోదానికి 2, 2, 1 కలిపి 5. మూడోదానికి 3, 3, 2 కలిపి 8. ఇప్పుడు మొదటి రెండూ సమానంగా నిలిచాయి. సమానమైనప్పుడు ఏం చేయాలన్నది నియమావళిలో ముందే రాసి ఉండాలి. ఎక్కువమంది న్యాయనిర్ణేతలు దేన్ని పైన పెట్టారో దానికే స్థానం అని రాస్తే చాలు. ఆ లెక్కన మొదటి వీడియో గెలుస్తుంది. ఓటింగు లెక్కలు తెలిసినవారు దీన్ని బోర్దా పద్ధతికి దగ్గరిదిగా గుర్తుపడతారు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు బోర్దా ప్రతిపాదించిన ఆ పద్ధతికి లోపాలు లేకపోలేదు. గెలిచే అవకాశం లేని వీడియోను ఒక న్యాయనిర్ణేత పై రెండింటి మధ్య పెట్టినా పై స్థానాల మొత్తాలు కదలవచ్చు. అందుకే మొదటి విడతలో నలభైని పన్నెండుకు తగ్గించి, ర్యాంకుల లెక్కను ఆ పన్నెండింటికే వర్తింపజేయమని నా సలహా. మొదటి విడతలో ప్రతి ఒక్కరూ తుది విడతకు పంపదగినవి అనుకున్న పన్నెండింటిని ఎంచితే చాలు, మార్కులు అక్కర్లేదు. ఎక్కువమంది ఎంచినవి ముందుకు వస్తాయి. చివరి చోటు కోసం కొన్ని సమానంగా నిలిస్తే వాటన్నిటినీ తీసుకోండి, తుది విడతలో ఒకటి రెండు ఎక్కువైనా నష్టం లేదు.

అత్యధిక, అత్యల్ప మార్కులను తీసేసి మిగిలినవాటి సగటు తీసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 2002 సాల్ట్ లేక్ సిటీ ఒలింపిక్స్‌లో ఫిగర్ స్కేటింగ్ తీర్పుపై వచ్చిన పెద్ద వివాదం తర్వాత, 2004లో ఆ క్రీడ పాత 6.0 మార్కుల విధానాన్ని వదిలి కొత్త విధానానికి మారింది. అందులో ఈ తీసివేత కూడా ఉంది. కానీ అక్కడ న్యాయనిర్ణేతలు చాలామంది. ముగ్గురే ఉన్నచోట రెండు మార్కులు తీసేస్తే మిగిలేది ఒక్కరి మాటే. వీలైతే న్యాయనిర్ణేతలను ఐదుగురికి పెంచండి, ఆరో వ్యక్తిని ప్రత్యామ్నాయంగా ఉంచండి. ఆ ఆరో మనిషి ఎందుకో తర్వాత చెబుతాను.

చూసే వరుస కూడా ఫలితాన్ని మారుస్తుంది. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీ ఫలితాలను ఫ్లోర్స్, గిన్స్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడ వాయించే వరుసను చీట్లు తీసి నిర్ణయిస్తారు, అయినా ముందుగా వాయించినవారికి మంచి స్థానాలు తక్కువగా దక్కాయని వారు చూపించారు. మహా అనుభవజ్ఞులైన సంగీత న్యాయనిర్ణేతలకే అలా జరిగితే, రాత్రి పదింటికి ముప్పై ఐదో వీడియో చూస్తున్న మన న్యాయనిర్ణేత సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో వరుసలో, యాదృచ్ఛికంగా కలిపిన జాబితా ఇవ్వండి. వీడియో సగటున మూడున్నర నిమిషాలైతే నలభైకి 140 నిమిషాలు పడుతుంది. ఒకే బిగిన చూడవద్దని, ఒక విడతకు పన్నెండు దాటవద్దని రాతపూర్వకంగా చెప్పండి. అసలు ఎంట్రీలకు ముందు, పోటీలో లేని మూడు పాత వీడియోలను అందరికీ పంపి మార్కులు వేయించి, ఎవరు దేనికి ఎందుకు అంత వేశారో మాట్లాడుకోనివ్వండి. ఆ తర్వాత తుది మార్కులు మీ చేతికి అందేదాకా న్యాయనిర్ణేతలు ఎంట్రీల గురించి ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. గట్టిగా మాట్లాడగలిగినవారి అభిప్రాయమే అందరి అభిప్రాయమైపోవడం నేను చూశాను.

చిన్న విషయంగా కనిపించినా పెద్ద నష్టం చేసేది మరొకటి ఉంది. న్యాయనిర్ణేతలు తీగ ఉన్న హెడ్‌ఫోన్లే వాడాలని నియమం పెట్టండి. నిమిషానికి 120 బీట్ల పాటలో బీటుకూ బీటుకూ మధ్య అర సెకను, అంటే సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో పన్నెండు ఫ్రేములు. మంచి ఎడిటర్ రెండు ఫ్రేముల తేడాను కూడా సరిదిద్దుకుంటాడు, అది సెకనులో పన్నెండో వంతు. చాలా బ్లూటూత్ పరికరాలలో ధ్వని అంతకన్నా ఎక్కువే ఆలస్యంగా చేరవచ్చు. కొన్ని ప్లేయర్లు ఆ ఆలస్యాన్ని సర్దుతాయి, కొన్ని సర్దవు. ఎవరి వీడియో బీటు తప్పిందో, ఎవరి హెడ్‌ఫోన్లు బీటు తప్పించాయో తెలియకుండా సింక్‌కు, అంటే ధ్వనీ దృశ్యమూ ఒకే క్షణంలో కలవడానికి, మార్కులు వేయడం ఎడిటర్ రాత్రులు పెట్టిన శ్రమకు అన్యాయం.

ఇక ప్రమాణాలు. చాలా పోటీల్లో ఏడెనిమిది అంశాలు పెట్టి ఒక్కోదానికి పది మార్కులు ఇస్తారు. నిజానికి వీడియో నచ్చితే అన్ని గడుల్లోనూ ఎనిమిదీ తొమ్మిదీ పడతాయి, నచ్చకపోతే అన్నిటిలోనూ ఐదూ ఆరూ పడతాయి. నాలుగు చాలు: పాటకూ దృశ్యాలకూ ఎందుకు పొత్తు కుదిరిందన్న ఆలోచన, ఆ ఆలోచన మొదటి నుంచి చివరిదాకా ఎదిగిందా, మధ్యలో ఆగిపోయిందా అన్నది, కదలికకూ ధ్వనికీ మధ్య సింక్, చిత్ర, ధ్వని నాణ్యతతో సహా సాంకేతిక శుభ్రత. మొదటి మూడింటికి 30 చొప్పున, చివరిదానికి 10 ఇస్తాను. ప్రతి అంశంలో ఎక్కువ మార్కులు ఎప్పుడు, తక్కువ మార్కులు ఎప్పుడు అన్నది రెండేసి వాక్యాల్లో రాసి, ఎంట్రీలు పిలిచిన రోజే ప్రచురించండి. ఉదాహరణకు సింక్ అంటే ప్రతి డ్రమ్ము దెబ్బకూ కట్ వేయడం మాత్రమే కాదని, దృశ్యం లోపలి కదలిక, అంటే తలుపు మూసుకోవడమో తల తిప్పడమో, పాటలోని మలుపుతో కలవడమూ సింకేనని అక్కడ రాసి ఉండాలి. లేకపోతే నెమ్మదైన పాటతో చేసిన వీడియోలకు ఈ గడిలో ఎప్పుడూ నష్టమే.

సాంకేతికతకు పదే ఎందుకని అడుగుతారు. మొదటి ఏఎంవీగా చాలామంది చెప్పుకునేది 1982లో అమెరికాలో జిమ్ కపోస్తాస్ రెండు వీసీఆర్‌లు జతచేసి తయారుచేసినది. ఈనాడు ఒకరు ఫోన్‌లోని ఉచిత యాప్‌తో చేస్తారు, మరొకరు శక్తిమంతమైన కంప్యూటర్‌లో ఖరీదైన సాఫ్ట్‌వేర్‌తో చేస్తారు. ఎఫెక్టుల సంఖ్యకు మార్కులు వేస్తే మీరు పనిముట్లకు బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఎఫెక్టు ఆలోచనకు ఉపయోగపడితే ఆ ఘనత మొదటి రెండు అంశాల్లోనే దక్కుతుంది, విడిగా గడి అవసరం లేదు.

నన్ను ఇప్పటికీ ఎక్కువగా కలతపెట్టే పక్షపాతం ఇంకొకటి ఉంది. దాని గురించి నియమావళుల్లో దాదాపు ఎవరూ రాయరు. న్యాయనిర్ణేతకు ఆ యానిమే తెలుసా లేదా అన్నదే ఆ సమస్య. అందరూ చూసిన సిరీస్‌లో ఒక పాత్ర చనిపోయే దృశ్యాన్ని ఎడిటర్ మూడు సెకన్లు చూపిస్తే చాలు, ఆ సిరీస్ మొత్తం మోసుకొచ్చిన దుఃఖం న్యాయనిర్ణేత మనసులో మేలుకుంటుంది. ఆ కన్నీరు ఎడిటర్ సంపాదించినది కాదు. ఎవరూ చూడని పాత సిరీస్‌తో పనిచేసిన ఎడిటర్, ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా ఆ నాలుగు నిమిషాల్లోనే మాటలు లేకుండా చెప్పుకోవాలి. రెండోది ఎంతో కష్టం, కానీ మార్కులు మొదటిదానికే పడతాయి. దీనికి పూర్తి పరిష్కారం నాకు దొరకలేదు గాని, రెండు పనులు బాగా ఉపయోగపడ్డాయి. ప్రతి ఎంట్రీ పక్కన, ఆ సిరీస్‌ను తాను చూశాడో లేదో న్యాయనిర్ణేత గుర్తు పెట్టే గడి ఉంచాలి. తుది పన్నెండులో ప్రతి వీడియోకూ చూసినవారు ఒకరైనా, చూడనివారు ఒకరైనా ఉండేలా ఐదుగురిని ఎంచుకోవడానికి ప్రయత్నించాలి. చూడనివారికి కథ అర్థమైతే అది ఎడిటర్ గొప్పతనం. చూసినవారికి మాత్రమే తెలిసే లోతు కూడా ఉంటే అదీ గొప్పతనమే, అందుకే ఇద్దరూ కావాలి.

నియమాల విషయంలో, ఏది అనర్హతకు దారితీస్తుంది, ఏది మార్కులు తగ్గిస్తుంది, ఏది సరిదిద్దుకోవచ్చు అన్న మూడింటినీ విడదీసి రాయండి. వాటర్‌మార్కు, సబ్‌టైటిళ్లు, మీరు అడిగినదానికి భిన్నమైన కొలత, వీడియోలోనే వేసుకున్న ఎడిటర్ పేరు, ఇవన్నీ సరిదిద్దుకోగలిగినవి. గడువు ముగిశాక మూడు రోజులు ఇచ్చి మళ్లీ పంపమనండి, మార్కులు కోయకండి. ఫైలు విషయంలో ఎక్కువ షరతులు వద్దు: చిత్రం కొలత 1080పి లేదా 720పి, ఫైలు రకం ఎంపీ4, కుదింపు పద్ధతి హెచ్.264 చాలు. ఫ్రేమ్ రేటు గురించి మాత్రం ఒక వాక్యం రాయండి. యానిమే సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములుగా తయారవుతుంది, అందులోనూ ఒక్కో బొమ్మ రెండు మూడు ఫ్రేములు నిలుస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో 60కి సాగదీస్తే బొమ్మల అంచులు కరిగిపోతాయి. పాత డీవీడీల నుంచి సరిగా మార్చకుండా తీస్తే కదిలే చోట దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. ఈ రెండూ సాంకేతిక శుభ్రత కింద లెక్కలోకి వస్తాయని ముందే చెబితే తర్వాత వాదన ఉండదు.

ఏది యానిమే అన్నది కూడా నిర్వచించండి. వీడియో గేమ్‌ల మధ్యలో వచ్చే యానిమేషన్, మాంగా (జపాన్ కామిక్స్) పేజీలు, ఎడిటర్ సొంతంగా గీసిన బొమ్మలు, కృత్రిమ మేధ తయారుచేసిన దృశ్యాలు, వీటిలో ఏవి ఎంతవరకు అనుమతిస్తారో రాయాలి. కృత్రిమ మేధతో పుట్టించిన దృశ్యాలను ఎడిటింగ్ పోటీలో అనుమతించవద్దన్నది నా అభిప్రాయం. దృశ్యం నాణ్యత పెంచడానికి వాడితే చెప్పమంటే చాలు. కొని తెచ్చుకున్న టెంప్లేట్లు వాడినా చెప్పమనండి. ఒక్కొక్కరికి రెండు ఎంట్రీలు, ఒకే బహుమతి. పలువురు కలిసి చేసినదైతే అందరి పేర్లూ ఇవ్వాలి. ఇంతకుముందే విడుదలైన వీడియోలను తీసుకుంటే, ఏ తేదీ తర్వాత విడుదలైనవి చెల్లుతాయో నియమాల్లో చెప్పాలి. వయసు రాని పాత్రలను లైంగికంగా చూపించే దేనినీ, ఎంత కళాత్మకమని వాదించినా, అంగీకరించకండి.

తెరమీద వెంటవెంటనే వెలిగి ఆరే మెరుపుల విషయంలో రాజీ వద్దు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో ప్రసారమైన ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు దాదాపు పన్నెండుసార్లు మారాయి. దాన్ని చూసి అస్వస్థతకు గురై ఆసుపత్రులకు చేరినవారి సంఖ్య 685 అని నమోదైంది, వారిలో అత్యధికులు పిల్లలు. ఆ తర్వాతే అక్కడ ప్రసారాలకు కట్టుదిట్టమైన మార్గదర్శకాలు వచ్చాయి. వెబ్ పేజీలకు పాటించే అంతర్జాతీయ సుగమ్యతా ప్రమాణం ఏ ఒక్క సెకనులోనూ మూడు మెరుపులు దాటకూడదంటుంది. వేగమైన పాటకు ప్రతి బీటుకూ తెల్లని ఫ్రేము వేసే అలవాటు మన ఎడిటర్లలో చాలామందికి ఉంది. నిమిషానికి 120 బీట్లలో ప్రతి బీటుకూ వేస్తే సెకనుకు రెండు. అర బీటుకూ వేస్తే నాలుగు, అంటే పరిమితి దాటినట్టే. ఈ లెక్కను నియమావళిలోనే ఇవ్వండి. దాటిన ఎంట్రీని సరిదిద్దమనండి, సరిదిద్దకపోతే ప్రదర్శించకండి. న్యాయనిర్ణేతలకు కూడా ముందే హెచ్చరిక ఇవ్వాలి.

కాపీరైటు గురించి క్లుప్తంగా చెబుతాను. మీ నియమాలు ఎవరికీ హక్కులు ఇవ్వలేవు, చట్టం దేశానికో తీరుగా ఉంటుంది. 2005లో ఒక అమెరికన్ రికార్డు సంస్థ కోరడంతో ఏఎంవీల ప్రధాన సైటు ఆ సంస్థ కళాకారుల పాటలున్న వీడియోలన్నిటినీ తొలగించింది; దృశ్యాల కన్నా పాటల దగ్గరే ఇబ్బంది ఎక్కువని అప్పటి నుంచి మనందరికీ తెలుసు. కాపీరైటు ఉన్న పాటలనూ దృశ్యాలనూ తనంతట తానే గుర్తించే, యూట్యూబ్‌లో 2007 నుంచి ఉన్న కంటెంట్ ఐడీ వ్యవస్థ, అందరికీ కనిపించకుండా పెట్టిన వీడియోను కూడా పట్టుకుంటుంది. కాబట్టి ఎంట్రీలను ఫైళ్లుగానే తీసుకోండి, ప్రవేశ రుసుము వద్దు, నగదు బహుమతి వద్దు, ప్రకటనల ఆదాయం అసలే వద్దు. వీడియో వేరేచోట తొలగింపుకు గురైతే అది అనర్హత కాదని కూడా రాయండి.

దొంగతనం ఆరోపణలు తప్పకుండా వస్తాయి. అదే పాట, అదే సిరీస్ ఇద్దరు వాడితే అది దొంగతనం కాదు. కట్ల వరుస, చోటు, ఎఫెక్టుల అమరిక కలిస్తేనే పరిశీలించాలి. తుది పన్నెండు మందినీ ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైలో, టైమ్‌లైన్ స్క్రీన్‌షాటో అడగండి. అనుమానం వచ్చిన ఒక్కరినే అడిగితే అది అవమానం, అందరినీ అడిగితే నియమం.

ప్రేక్షకుల ఓటును న్యాయనిర్ణేతల లెక్కలో కలపవద్దని నా సలహా. యూరోవిజన్ పాటల పోటీ చాలా ఏళ్లు ప్రధానంగా ఫోన్ ఓట్లతో నడిచి, 2009లో ఫైనల్‌కు న్యాయనిర్ణేతలను తిరిగి తెచ్చి సగం బరువు ఇచ్చింది. అంత పెద్ద వేదికకు సరిపడే ఓట్ల రక్షణ మనకు లేదు. స్నేహితులు ఎక్కువ ఉన్నవారు గెలిచే బహుమతిని ప్రేక్షకుల బహుమతి అని వేరే పేరుతోనే ఇవ్వండి. అందులో ఒక్కరినే కాకుండా ముగ్గురిని వరుసగా ఎంచమంటే కొంత మెరుగుపడుతుంది.

ఇక కిందటిసారి వచ్చిన మాట. ఎంట్రీలకు సంఖ్యలు ఇచ్చి పేర్లు దాచడం తప్పనిసరి, కానీ చిన్న సమూహంలో అది పూర్తిగా పనిచేయదు; ఒకరి కట్ల తీరు, ఇష్టమైన ఫాంటు చూడగానే మనకు మనిషి తెలిసిపోతాడు. అందుకే నేను ముందు చెప్పిన ఆరో మనిషి అవసరం. ఎడిటర్‌ను గుర్తుపట్టాననీ, తమ మధ్య స్నేహమో విరోధమో ఉందనీ న్యాయనిర్ణేత అనుకుంటే, కారణం చెప్పకుండా ఆ వీడియో ఉన్న కేటగిరీ (పోటీలోని విభాగం) మొత్తం నుంచి తప్పుకోవచ్చు, ప్రత్యామ్నాయ న్యాయనిర్ణేత ఆ కేటగిరీ అంతటినీ చూస్తారు. ఒక్క వీడియో నుంచే తప్పుకుంటే ర్యాంకులు పొంతన కుదరవు. న్యాయనిర్ణేతలూ, నిర్వాహకులూ పోటీకి ఎంట్రీలు పంపకూడదు. ప్రదర్శన కోసం మాత్రం పంపవచ్చు.

ఫలితాలతోపాటు తుది పన్నెండింటికీ ప్రతి న్యాయనిర్ణేత ఇచ్చిన ర్యాంకును ప్రచురించండి. న్యాయనిర్ణేతలను అక్షరాలతో సూచించి పేర్లు దాచవచ్చు. తుది విడతకు రానివారికి ఎందరు ఎంచారో తెలియజేయండి. అడిగిన ప్రతి ఎడిటర్‌కూ నాలుగు అంశాలపై ఒక్కో వాక్యం రాసి పంపండి. నాకు ఓటమి నేర్పిన పాఠాలన్నీ అలాంటి వాక్యాల నుంచి వచ్చినవే. అభ్యంతరాలకు మూడు రోజుల గడువు ఉంచండి, అవి పద్ధతి మీద మాత్రమే ఉండాలి: తప్పుగా కూడారు, పాత ఫైలు చూశారు, తప్పుకోవాల్సినవారు తప్పుకోలేదు వంటివి. ఆ అభ్యంతరాన్ని తీర్పులో పాల్గొనని ఒకరు పరిశీలించాలి. ఎంట్రీలు పిలిచిన రోజు నుంచి గడువుకు ఎనిమిది వారాలు, తీర్పుకు మూడు వారాలు ఇవ్వండి. మొదటి ఎంట్రీ అందాక నియమాల్లో ఒక్క పదం కూడా మార్చకండి. లోపం కనబడితే రాసి పెట్టుకుని వచ్చే పోటీకి సరిదిద్దండి.